ఒక సైనికుడికి అయిదుగురు: బందీల మార్పిడిలో ధర్మమేది?

2014 మే 31న ఆఫ్ఘనిస్థాన్ తూర్పు ప్రాంతంలోని ఖోస్త్ రాష్ట్రంలో తాలిబన్లు ఒక అమెరికా సైనికుడిని ఆ దేశ ప్రత్యేక దళాలకు అప్పగించారు. ఇందుకు ప్రతిగా గ్వాంటనామో కారాగారంలోని అయిదుగురు తాలిబన్ నాయకులను అమెరికా ఖతార్‌కు పంపించింది. బో బెర్గ్‌డాల్ అనే ఆ సైనికుడు దాదాపు అయిదేళ్లు చెరలో ఉన్నాడు. ఆ అయిదుగురు పన్నెండేళ్లపాటు ఏ న్యాయస్థానం ముందూ విచారణ జరగకుండానే నిర్బంధంలో గడిపారు.

ఈ మార్పిడి జరిగిన నాటి నుంచి నేటి వరకు వివాదం చల్లారలేదు. యుద్ధరంగానికి పంపిన సైనికుడిని ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవడం ప్రభుత్వ ధర్మమని కొందరు వాదించారు. ఒకరిని విడిపించేందుకు అయిదుగురు శత్రు నాయకులను వదిలిపెడితే రేపు మరెందరి ప్రాణాలు పోతాయోనని మరికొందరు నిలదీశారు. రెండు వాదాలలోనూ సత్యముంది. అందుకే ఈ సమస్య ప్రభుత్వాలను ఇంతగా ఇరకాటంలో పెడుతున్నది. అమెరికా ఒక్కదానికే కాదు, భారత్, పాకిస్థాన్, ఆఫ్ఘనిస్థాన్, బంగ్లాదేశ్‌లు కూడా వేర్వేరు సందర్భాలలో ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నాయి. తెలుగునాటి అడవులలోనూ ఇదే ప్రశ్న తలెత్తింది.

శిబిరం విడిచిన సైనికుడు

బెర్గ్‌డాల్ యుద్ధంలో పోరాడుతూ పట్టుబడినవాడు కాదు. 2009 జూన్ 30న పక్తికా రాష్ట్రంలోని తన శిబిరం నుంచి అనుమతి లేకుండా ఒంటరిగా వెళ్లిపోయాడు. తన దళంలోని నాయకత్వ లోపాలను పైఅధికారుల దృష్టికి తీసుకుపోయేందుకే అలా చేశానని ఆ తరువాత చెప్పుకున్నాడు. కారణమేదైనా, కొద్ది గంటలలోనే తాలిబన్ల చేతికి చిక్కాడు. హక్కానీ వర్గం అతడిని పాకిస్థాన్‌లోని గిరిజన ప్రాంతాలకు తరలించింది. పలుమార్లు పారిపోవడానికి ప్రయత్నించి పట్టుబడ్డాడు. చిత్రహింసలు అనుభవించాడు. చాలాకాలం ఇనుప బోనులో గడిపాడు.

అతడి విడుదలను అధ్యక్షుడు ఒబామా శ్వేతసౌధ ఉద్యానంలో, సైనికుని తల్లిదండ్రులను పక్కన నిలుపుకొని ప్రకటించారు. అతడిని వీరుడిగా చూపేందుకు ప్రభుత్వ ప్రతినిధులు ప్రయత్నించడం బెడిసికొట్టింది. అతడి దళంలోని సహచరులే బాహాటంగా ముందుకొచ్చి, శిబిరాన్ని విడిచిపోయినవాడి కోసం తాము ప్రాణాలకు తెగించి గాలించవలసి వచ్చిందని ఆగ్రహించారు. గాలింపులో సైనికులెవరూ మరణించినట్లు ఆధారాలు లభించలేదని విచారణాధికారి పేర్కొన్నప్పటికీ, తీవ్రంగా గాయపడినవారు మాత్రం ఉన్నారు. వారి వాంగ్మూలాలను సైనిక న్యాయస్థానం విన్నది.

2015లో అతడిపై సైన్య పరిత్యాగ అభియోగం నమోదయింది. 2017 అక్టోబర్‌లో నేరం అంగీకరించాడు. ఆ తరువాతి నెలలో న్యాయస్థానం అతడిని అగౌరవప్రదంగా సైన్యం నుంచి తొలగించి, హోదా తగ్గించి, జీతంలో కోత విధించింది. జైలు శిక్ష మాత్రం వేయలేదు. సైనిక న్యాయమూర్తి తన స్వప్రయోజనానికి సంబంధించిన ఒక విషయాన్ని బయటపెట్టలేదన్న కారణంతో 2023లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆ తీర్పును సైతం రద్దు చేశారు.

ఇక్కడే మొదటి ధర్మసందేహం ఎదురవుతుంది. క్రమశిక్షణ తప్పిన సైనికుడి కోసం ప్రభుత్వం ఇంత మూల్యం చెల్లించవచ్చునా? చెల్లించవచ్చుననడానికి బలమైన కారణమే ఉంది. సైనికుడు తన ఇష్టం వచ్చిన చోటికి వెళ్లి పోరాడడు. ప్రభుత్వం పంపిన చోటికి వెళతాడు. ఆ ఆజ్ఞను శిరసావహించినందుకు ప్రతిగా తనను దిక్కులేనివాడిగా వదిలివేయదన్న భరోసా అతడికి ఉంటుంది. ఆ భరోసా యోగ్యతాపత్రాలను బట్టి మారేది కాదు. అతడు తప్పు చేసి ఉంటే శిక్షించే అధికారం స్వదేశపు న్యాయస్థానానిదే గాని శత్రువుది కాదు. ముందు ఇంటికి తేవాలి, ఆ తరువాత విచారించాలి. అమెరికా సైన్యం చివరకు ఈ క్రమాన్నే పాటించింది. ప్రభుత్వం చేసిన పొరపాటు అతడిని తేవడం కాదు, వీరుడని చాటి తేవడం.

పార్లమెంటును దాటిన నిర్ణయం

రెండవ సందేహం చట్టానికి సంబంధించినది. గ్వాంటనామో నుంచి ఎవరినైనా వేరొక దేశానికి తరలించాలంటే కనీసం 30 రోజుల ముందుగా కాంగ్రెస్‌కు తెలియజేయాలని అమెరికా చట్టం నిర్దేశించింది. ఆ చట్టంపై సంతకం చేసింది ఒబామాయే. బందీ ఆరోగ్యం క్షీణిస్తున్నదని, విషయం బయటకు పొక్కితే అతడి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుందని చెబుతూ ప్రభుత్వం ఆ నిబంధనను పక్కనపెట్టింది. ప్రభుత్వ వ్యయాలను తనిఖీ చేసే జవాబుదారీ సంస్థ 2014 ఆగస్టులో ఈ చర్య చట్టవిరుద్ధమని తేల్చింది. అనుమతి లేని పనికి రక్షణశాఖ తన నిధులను వెచ్చించడాన్ని కూడా తప్పుపట్టింది.

అత్యవసర పరిస్థితులలో కార్యనిర్వాహక వర్గానికి కొంత వెసులుబాటు ఉండాలన్నది కాదనలేని మాట. కాని రహస్యం వేరు, జవాబుదారీ లేకపోవడం వేరు. సంప్రదింపులు గుట్టుగా సాగవలసిందే. అయితే అందరికీ కాకపోయినా, బాధ్యతగల కొద్దిమంది ప్రతినిధులకైనా చెప్పవచ్చును. చట్టసభను పూర్తిగా చీకటిలో ఉంచి చేసిన నిర్ణయం మంచిదే అయినా, దాని మంచితనాన్ని నమ్మేవారు కరవవుతారు. బెర్గ్‌డాల్ విషయంలో జరిగింది ఇదే.

వదిలినవారు ఏమయ్యారు?

ఖతార్ చేరిన ఆ అయిదుగురు సామాన్యులు కారు. ముల్లా మహమ్మద్ ఫజల్ తాలిబన్ల తొలి ప్రభుత్వంలో సైనిక నాయకుడు. ముల్లా నూరుల్లా నూరీ, ఖైరుల్లా ఖైర్ఖ్వా గవర్నర్లుగా పనిచేశారు. అబ్దుల్ హక్ వాసిక్ గూఢచారి విభాగంలో ఉన్నతాధికారి. అయిదవ వ్యక్తి మహమ్మద్ నబీ ఒమరీ. వీరిలో ఫజల్, నూరీలపై 2001కి ముందు ఉత్తర ఆఫ్ఘనిస్థాన్‌లో షియాల ఊచకోతతో సంబంధం ఉన్నదన్న తీవ్ర ఆరోపణలున్నాయి. ఏడాదిపాటు ఖతార్ విడిచి వెళ్లరాదన్న షరతు మీద వీరిని అప్పగించారు.

అయిదేళ్లు తిరిగేసరికి వీరు దోహాలో అమెరికా ప్రతినిధులకు ఎదురుగా సంప్రదింపుల బల్ల వద్ద కూర్చున్నారు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైన తరువాత ఖైర్ఖ్వా సమాచార శాఖను, నూరీ సరిహద్దులు, గిరిజన వ్యవహారాల శాఖను చేపట్టారు. వాసిక్ గూఢచారి సంస్థకు అధిపతి అయ్యారు. ఫజల్ రక్షణశాఖలో ఉపమంత్రి అయ్యారు. ఒమరీని ఖోస్త్ గవర్నర్‌గా నియమించారు. అమెరికా సైనికుడిని అప్పగించిన రాష్ట్రం అదే.

ఈ పరిణామాలను చూపి 2014 నాటి మార్పిడి ఘోరమైన తప్పిదమని తీర్పు చెప్పడం తేలిక. కాని నిదానించి చూడవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. కాబూల్ పతనానికి ఈ అయిదుగురే కారణం కారు. ఇరవయ్యేళ్ల యుద్ధం, ఆఫ్ఘన్ ప్రభుత్వ బలహీనతలు, విదేశీ సేనల ఉపసంహరణ ఒప్పందం కలిసి ఆ ఫలితాన్ని తెచ్చాయి. పైగా, ఈ అయిదుగురినీ నేరస్థులుగా విచారించి ఉంటే వారిపై సాక్ష్యాలు లోకం ముందుకు వచ్చేవి, ఊచకోతలకు గురైన కుటుంబాల గోడు రికార్డులకు ఎక్కేది. పన్నెండేళ్లలో ఆ పని జరగలేదు. విచారించని వ్యక్తిని కలకాలం నిర్బంధించడం ఎలా? శిక్ష పడని వ్యక్తిని వదిలితే అన్యాయం జరిగిందనడం ఎలా? న్యాయస్థానానికి పంపవలసినవారిని జైలుగదిలో దాచి ఉంచితే, చివరకు వారు బేరసారాలకు పనికివచ్చే సరుకుగా మిగిలిపోతారు. గ్వాంటనామో నేర్పిన గుణపాఠం ఇదే.

వెయ్యికి అయిదు వేలు

బెర్గ్‌డాల్ మార్పిడిపై అంత రభస చేసిన వాషింగ్టన్, ఆరేళ్ల తరువాత దానికి అనేక రెట్లు పెద్ద మార్పిడికి సంతకం చేసింది. 2020 ఫిబ్రవరి 29న తాలిబన్లతో దోహాలో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 5,000 మంది వరకు తాలిబన్ ఖైదీలను, ప్రతిగా 1,000 మంది వరకు ప్రభుత్వ పక్షపు బందీలను విడుదల చేయాలి. ఆ అయిదు వేల మందినీ జైళ్లలో ఉంచింది ఆఫ్ఘన్ ప్రభుత్వం. కాని ఆ ప్రభుత్వానికి ఒప్పందంలో భాగస్వామ్యమే లేదు. తన జైళ్ల తాళాలు వేరొకరు పంచిపెట్టడం చూస్తూ ఊరుకోవలసిన స్థితిలో కాబూల్ పడింది.

అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ మొదట ప్రతిఘటించారు. తరువాత విడతలవారీగా విడుదల చేస్తూ వచ్చారు. తీవ్రమైన నేరాలు చేసిన చివరి 400 మంది విషయంలో తానొక్కడే నిర్ణయం తీసుకోలేనంటూ 2020 ఆగస్టులో లోయా జిర్గాను, అంటే దేశ పెద్దల మహాసభను సమావేశపరిచారు. శాంతి కోసమంటూ సభ అంగీకరించింది. తమ సైనికులను చంపినవారు ఆ జాబితాలో ఉన్నారంటూ ఆస్ట్రేలియా, తమ పౌరులను చంపినవారున్నారంటూ ఫ్రాన్స్ అభ్యంతరం తెలిపాయి. ఆఫ్ఘన్ గ్రామాలలో, పట్టణాలలో ఆప్తులను కోల్పోయిన వేలాది కుటుంబాలకు అభ్యంతరం తెలిపే వేదికే లేకపోయింది. శాంతి వచ్చి ఉంటే ఆ కుటుంబాలు ఆ త్యాగాన్ని దిగమింగుకునేవేమో. శాంతి రాలేదు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వమే పోయింది.

పాకిస్థాన్ చవిచూసిన చేదు

సైనికులకు బదులుగా ఖైదీలను వదిలిన మరొక ఉదంతం పాకిస్థాన్‌లో జరిగింది. 2007 ఆగస్టు 30న దక్షిణ వజీరిస్థాన్‌లో 200కు పైగా సైనికులున్న వాహనశ్రేణిని బైతుల్లా మెహ్సూద్ అనుచరులు చుట్టుముట్టారు. ఒక్క తూటా పేలకుండానే అందరూ లొంగిపోయారు. ప్రభుత్వాన్ని లొంగదీసేందుకు ముగ్గురు సైనికులను మెహ్సూద్ వర్గం హతమార్చింది. నవంబర్ 3న జనరల్ ముషార్రఫ్ అత్యయిక పరిస్థితి ప్రకటించారు. ఆ మరునాడే మిగిలిన సైనికులు విడుదలయ్యారు. బదులుగా 25 మంది మిలిటెంట్లను ప్రభుత్వం వదిలిపెట్టింది. వారిలో ఆత్మాహుతి దాడులకు సిద్ధమైనవారు ఉన్నారన్న సంగతి దాచినా దాగలేదు.

ఆ మరుసటి నెలలోనే మెహ్సూద్ నాయకత్వాన వివిధ ముఠాలు ఏకమై తెహ్రీకె తాలిబన్ పాకిస్థాన్ ఏర్పడింది. డిసెంబర్ 27న బేనజీర్ భుట్టో హత్యకు గురయ్యారు. ఆ హత్య వెనుక మెహ్సూద్ హస్తం ఉన్నదని నాటి పాకిస్థాన్ ప్రభుత్వం ఆరోపించింది. వదిలిన 25 మందే ఈ దారుణాలన్నిటికీ మూలమని చెప్పలేం. అయితే రాజ్యాన్ని మోకరిల్లజేయవచ్చునన్న నమ్మకం ముఠాలకు కలిగింది. బందీల మార్పిడిలో లెక్కకు అందని నష్టం అదే. విడుదలయ్యే వ్యక్తులను లెక్కించవచ్చును గాని, బయట ఉన్నవారికి కలిగే ధైర్యాన్ని లెక్కించలేం.

కాందహార్ నీడ

భారతీయులకు ఈ చర్చ వచ్చినప్పుడల్లా కాందహార్ గుర్తుకొస్తుంది. 1999 డిసెంబర్ 24న కాఠ్మండు నుంచి ఢిల్లీకి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని సాయుధులు దారిమళ్లించారు. ఒక ప్రయాణికుడిని చంపారు. అమృత్‌సర్, లాహోర్, దుబాయ్‌ల మీదుగా విమానం కాందహార్ చేరింది. అమృత్‌సర్ గడ్డ మీద విమానం నిలిచి ఉన్న అమూల్యమైన నిమిషాలు చేజారిన తరువాత ప్రభుత్వానికి మిగిలిన దారులు మూసుకుపోయాయి. డిసెంబర్ 31న మసూద్ అజర్, ఒమర్ షేక్, ముష్తాక్ జర్గార్‌లను వదిలి ప్రయాణికులను విడిపించుకున్నారు. పదేళ్ల క్రితం, 1989 డిసెంబర్‌లో నాటి కేంద్ర హోంమంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కుమార్తెను అపహరించినప్పుడు అయిదుగురు మిలిటెంట్లను వదిలిన ఉదాహరణ అప్పటికే ఉంది.

మసూద్ అజర్ 2000లో జైషె మహమ్మద్‌ను స్థాపించాడు. 2001లో పార్లమెంటుపై దాడి జరిగింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బలయ్యారు. 2002లో పాకిస్థాన్‌లో అమెరికన్ పాత్రికేయుడు డేనియల్ పెర్ల్ అపహరణ కేసులో ఒమర్ షేక్ పట్టుబడ్డాడు. విమానంలోని వారికి ముఖాలున్నాయి, పేర్లున్నాయి, ఢిల్లీలో ప్రధాని నివాసం ముందు విలపించే బంధువులున్నారు. పుల్వామాలో ఇరవయ్యేళ్ల తరువాత మరణించబోయే జవాన్లకు ఆనాడు ముఖాలు లేవు. కొందరు అప్పటికి బాలురు. కళ్లెదుటి బందీ, కంటికి కనబడని రేపటి మృతుడు, వీరిద్దరి ప్రాణమూ సమానమే. కాని ప్రభుత్వాల తలుపు తట్టేది మొదటివాడి బంధువులే.

ఇజ్రాయెల్ చరిత్రలోనూ ఇదే విషాదం. గాజాలో అయిదేళ్లకు పైగా బందీగా ఉన్న గిలాద్ షాలిత్ అనే సైనికుడి కోసం 2011లో ఆ దేశం 1,027 మంది పాలస్తీనా ఖైదీలను వదిలింది. వారిలో యాహ్యా సిన్వర్ ఒకడు. 2023 అక్టోబర్ 7 దాడి వెనుక ప్రధాన సూత్రధారి అతడే. ఆ దాడిలో పట్టుబడిన బందీల కోసం ఇజ్రాయెల్ మళ్లీ వేల సంఖ్యలో ఖైదీలను వదలవలసి వచ్చింది.

యుద్ధఖైదీ వేరు, బందీ వేరు

అన్ని మార్పిడులనూ ఒకే గాటన కట్టడం సరికాదు. రెండు దేశాల సైన్యాల మధ్య పట్టుబడిన సైనికుడు యుద్ధఖైదీ. 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం ప్రకారం, పోరు ముగిసిన వెంటనే అతడిని జాప్యం లేకుండా స్వదేశానికి పంపాలి. అందుకు వెల అడగకూడదు. కార్గిల్ యుద్ధంలో పాకిస్థాన్ చేతికి చిక్కిన ఫ్లయిట్ లెఫ్టినెంట్ నచికేత 1999 జూన్‌లో, వింగ్ కమాండర్ అభినందన్ 2019 మార్చిలో ఏ ఖైదీనీ బదులు ఇవ్వకుండానే తిరిగివచ్చారు. 2025లో పొరపాటున సరిహద్దు దాటి మూడు వారాలు పాకిస్థాన్ నిర్బంధంలో ఉన్న సరిహద్దు భద్రతా దళ జవాను మే 14న తిరిగివచ్చాడు. అదే రోజు మన అదుపులోని పాకిస్థాన్ రేంజర్‌ను మనమూ అప్పగించాం. ఇటువంటి మార్పిడి వల్ల ఎవరికీ కీడు లేదు. ఇరుపక్షాల కుటుంబాలూ ఊపిరి పీల్చుకున్నాయి.

ఇక సాయుధ ముఠా ఒకరిని పట్టుకొని, చంపుతామని బెదిరించి, జైళ్లలోని తమవారిని వదలమని కోరడం యుద్ధనీతి కిందికి రాదు. 1979 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం బందీలను పట్టుకోవడం నేరం. అయితే బెర్గ్‌డాల్ వంటి ఉదంతాలు ఈ రెంటికీ మధ్యన నిలుస్తాయి. తాలిబన్లను అమెరికా సాధారణ శత్రు సైన్యంగా గుర్తించలేదు. అయినా వారి మీద యుద్ధమే చేసింది, యుద్ధ నియమాల పేరుతోనే వారిని నిర్బంధించింది. శత్రువును నిర్బంధించేటప్పుడు యుద్ధఖైదీగా, వదలవలసి వచ్చినప్పుడు ఉగ్రవాదిగా చూపడం రెండు నాల్కల ధోరణి అవుతుంది.

యుద్ధఖైదీల విషయంలోనూ న్యాయానికీ మార్పిడికీ పొత్తు కుదరని సందర్భం మన ఉపఖండంలోనే ఉంది. 1971 యుద్ధానంతరం దాదాపు 93,000 మంది పాకిస్థానీలు మన అధీనంలోకి వచ్చారు. వారిలో 195 మందిని యుద్ధ నేరాలకు విచారించాలని బంగ్లాదేశ్ పట్టుబట్టింది. అటు పాకిస్థాన్‌లో లక్షలాది బెంగాలీలు చిక్కుకుపోయి ఉన్నారు. 195 మందిని విచారిస్తే తమ వద్ద ఉన్న బెంగాలీలలో కొందరిని తామూ విచారిస్తామని పాకిస్థాన్ బెదిరించింది. 1973 ఆగస్టు 28న కుదిరిన ఢిల్లీ ఒప్పందంతో ఇరువైపుల వారి తరలింపు మొదలయింది. 1974 ఏప్రిల్ 9న త్రైపాక్షిక ఒప్పందంలో బంగ్లాదేశ్ ఆ 195 మందినీ క్షమించి వదిలింది. లక్షలమంది ఇళ్లకు చేరారు. కాని ఊచకోతలకు బాధ్యులైన సైనికాధికారులు ఏనాడూ బోనెక్కలేదు. ఆ గాయం బంగ్లాదేశ్ రాజకీయాలను దశాబ్దాలపాటు సలుపుతూనే వచ్చింది. ఇంకొక విషాదమేమంటే, అన్ని వేలమందిని అప్పగించిన భారత్‌కు తన సైనికులందరూ తిరిగి రాలేదు. 54 మంది యుద్ధఖైదీలు పాకిస్థాన్ జైళ్లలో ఉన్నారని భారత ప్రభుత్వం చెబుతూ వచ్చింది. తమ వద్ద ఎవరూ లేరని పాకిస్థాన్ అంటున్నది. జెనీవా నియమం ఎంత గొప్పదైనా, దానిని గౌరవించే మనసు ఇరువైపులా ఉండాలి.

చనిపోయినవారి తరఫున ఎవరు?

మన దేశంలో ఈ ధర్మసంకటాన్ని అత్యున్నత న్యాయస్థానం పరిశీలించిన సందర్భం ఒకటి ఉంది. 2000 జూలై 30న గంధపుచెక్కల దొంగ వీరప్పన్ ప్రముఖ కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను అపహరించాడు. టాడా కింద నిర్బంధంలో ఉన్నవారిని వదలాలన్నది అతడి కోర్కెలలో ఒకటి. కర్ణాటకలో అల్లర్లు చెలరేగుతాయన్న భయంతో కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు రెండూ తలవంచాయి. టాడా అభియోగాలను ఉపసంహరించుకునేందుకు సిద్ధమయ్యాయి. వీరప్పన్ ముఠా చేతిలో హతమైన ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ తండ్రి అప్పుడు సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. తన కుమారుడి ప్రాణానికి విలువ లేదా అన్నదే ఆ వ్యాజ్యంలోని సారాంశం.

2000 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తండ్రి పక్షాన నిలిచింది. అభియోగాల ఉపసంహరణకు పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన విచక్షణను వినియోగించలేదని, విడుదల వల్ల కలిగే పర్యవసానాలను ప్రభుత్వాలు తూచి చూడలేదని తప్పుపట్టింది. ఉపసంహరణ చెల్లదన్నది. ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే, నవంబర్ 15న, ఆ ఖైదీలు విడుదల కాకుండానే రాజ్‌కుమార్ క్షేమంగా బయటపడ్డారు. ధనం చేతులు మారిందన్న ఆరోపణలు ఆ తరువాత చాలాకాలం వినిపించాయి. అవి ఎలా ఉన్నా, ఒక విషయం మాత్రం తేటతెల్లమయింది. నిన్న చనిపోయినవారి కుటుంబాలకు కూడా ఈ లెక్కలో చోటుంది. ప్రభుత్వాలు మరచినా న్యాయస్థానం మరవలేదు.

గుర్తేడు నుంచి సుక్మా వరకు

తెలుగు పాఠకులకు 1987 డిసెంబర్ నాటి గుర్తేడు ఉదంతం తెలిసినదే. తూర్పుగోదావరి మన్యంలో ఎస్.ఆర్.శంకరన్ తదితర అధికారులను పీపుల్స్‌వార్ నక్సలైట్లు బందీలుగా పట్టుకున్నారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం జైల్లో ఉన్న తమవారిని వదిలిన తరువాత అధికారులను విడిచిపెట్టారు. పేదల పక్షపాతిగా పేరుగన్న శంకరన్ ఆ అనుభవం తరువాత కూడా అడవిబిడ్డల పట్ల తన వైఖరి మార్చుకోలేదు. పైపెచ్చు, 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదికకు సారథ్యం వహించి ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చల కోసం ఏళ్లతరబడి శ్రమించారు.

2011 ఫిబ్రవరి 16న ఒరిస్సాలోని మల్కన్‌గిరి జిల్లా కలెక్టర్, తెలుగువాడైన వినీల్‌కృష్ణను మావోయిస్టులు పట్టుకున్నారు. ఆచార్య హరగోపాల్, ఆచార్య సోమేశ్వరరావు ప్రభృతులు మధ్యవర్తిత్వం వహించారు. ఎనిమిది రోజులకు కలెక్టర్ బయటపడ్డారు. 2012 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మెనన్ అపహరణకు గురైనప్పుడు ఇద్దరు అంగరక్షకులు ప్రాణాలు కోల్పోయారు. మే 3న ఆయన విడుదలయ్యారు. విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్న వారి కేసులను సమీక్షించేందుకు నిర్మలా బుచ్ అధ్యక్షతన సంఘం వేసేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్నది.

ఈ చివరి అంశం ఆలోచింపజేస్తుంది. చిన్నచిన్న అభియోగాల మీద ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గే గిరిజనుల కేసులను సమీక్షించడానికి ఒక కలెక్టర్ అపహరణ అవసరమా? వారు విడుదలకు అర్హులైతే ఎవరూ బందీ కాకముందే విడుదల చేయవలసింది. అర్హులు కాకపోతే బందీ కోసమైనా వదలరాదు. సకాలంలో న్యాయం చేయని రాజ్యం తన జైళ్లలో ఇతరుల చేతికి ఆయుధాలను తానే సిద్ధం చేసిపెడుతుంది. గ్వాంటనామోకూ జగదల్‌పూర్‌కూ మధ్య దూరం వేల మైళ్లే కావచ్చు, వ్యాధి మాత్రం ఒక్కటే.

గీత ఎక్కడ గీయాలి?

ఉగ్రవాదులతో బేరమే ఉండదన్న ప్రతిజ్ఞను ప్రభుత్వాలు తరచూ పలుకుతాయి, అవసరమొస్తే అంతే తరచుగా తప్పుతాయి. పాటించలేని ప్రతిజ్ఞ కంటే పాటించగల నియమం మేలు. పై ఉదంతాలన్నీ చూసినప్పుడు కొన్ని నియమాలు తేలుతున్నాయి.

ఒకటి, సైనికుడి పట్ల రాజ్యానికి గల ఋణం ప్రత్యేకమైనది. అతడి తప్పొప్పులు ఆ ఋణాన్ని రద్దు చేయవు. రెండు, ఆ ఋణం తీర్చుకోవడానికి హద్దుంది. హత్యలకు, ఊచకోతలకు శిక్ష పడినవారిని వదలడమంటే రాజ్యం తనది కాని సొమ్మును ఖర్చుపెట్టడమే. ఆ న్యాయం చనిపోయినవారి కుటుంబాలది. మూడు, వదలబోయే వ్యక్తి రేపు ఎక్కడ ఉంటాడు, ఎవరు గమనిస్తారు, షరతులు ఎంతకాలం అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా తలుపు తెరవరాదు. ఖతార్‌లో విధించిన ఒక్క ఏడాది షరతు కంటితుడుపే అయింది. నాలుగు, నిర్ణయం రహస్యంగా తీసుకున్నా దానికి బాధ్యత బహిరంగంగా వహించాలి. చట్టసభకో, న్యాయస్థానానికో కారణాలు చెప్పగలగాలి. అయిదు, ఎవరి జైళ్లలో ఉన్న ఖైదీలనో వేరొకరు పంచిపెట్టకూడదు. దోహా ఒప్పందం ఆఫ్ఘన్ ప్రజలకు చేసిన ద్రోహాలలో ఇది చిన్నదేమీ కాదు.

ఈ కొలతతో చూస్తే బెర్గ్‌డాల్‌ను విడిపించాలన్న నిర్ణయంలో తప్పు లేదు. అతడిని విడిపించిన తీరులో, విడుదలైనవారిని పన్నెండేళ్లు విచారణ లేకుండా ఉంచిన తీరులో తప్పుంది. కాందహార్‌లో ప్రయాణికులను కాపాడాలన్న నిర్ణయం మానవీయమైనదే. ఆ నిర్ణయం తప్ప వేరే గత్యంతరం లేని స్థితికి అమృత్‌సర్‌లో దిగజారడమే అసలు వైఫల్యం. మార్పిడి బల్ల వద్ద కూర్చునే నాటికి మంచి దారులన్నీ మూసుకుపోయి ఉంటాయి. అప్పుడు మిగిలేది రెండు కీడులలో ఏది తక్కువన్న ఎంపికే. ఆ స్థితి రాకుండా చూడడం పాలకుల మొదటి కర్తవ్యం. ఖైదీలను సకాలంలో విచారించడం, సైనికులను నిర్లక్ష్యంగా ప్రమాదంలోకి నెట్టకపోవడం, సంక్షోభం మొదటి గంటల్లో ఎవరు నిర్ణయం తీసుకోవాలో ముందే నిర్దేశించుకోవడం అందులో భాగాలు. ఇవేవీ పతాక శీర్షికలకెక్కే పనులు కావు. కాని తిరిగివచ్చిన సైనికుడి తల్లి ఆనందానికీ, రేపు బలికాబోయే మరొక సైనికుడి తల్లి శోకానికీ మధ్య తూకం వేయవలసిన దుస్థితి ఏ ప్రభుత్వానికైనా తప్పాలంటే ఆ పనులు జరగక తప్పదు.